తీర్థం ఆహారం కాదనుకున్నాం

నిద్రలో మమ్మల్ని మేమే మరిచిపోయిన వేళ కూడా మా గుండెను మరిచిపోని శ్రీహరీ, నీకు జయం. ముద్ద నోటి దాకా తెచ్చుకోవడమే మా చేతనైన పని. గొంతు దిగాక దాన్ని రక్తంగా, బలంగా, మాటగా, పాటగా మార్చేది నువ్వే. ఇన్నేళ్లు మేము అడగకుండానే ఆ పని చేసిపెట్టినందుకు నీకు జయం. ఒక్కసారి ఆ పని ఆపి మాకు చూపించినందుకు కూడా జయం.

ఆ ఆపి చూపించిన సంగతే ఇక్కడ రాస్తున్నాను.

మాది గుంటూరు వైపు. యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు నుంచి ఆఫీసులతో పాటు మేమూ హైదరాబాదు వచ్చాం. మా వారు గుమాస్తా. నాంపల్లి స్టేషను వెనక సందులో ఒక పాత పెంకుటింట్లో సగం వాటా కిరాయికి దొరికింది. మిగతా సగంలో ఇంటిగలావిడ ఉండేది. వాళ్లది తరతరాలుగా హైదరాబాదులోనే ఉన్న కుటుంబం. భర్తకు అబిడ్స్‌లో బట్టల దుకాణం. ఆమె మా అత్తయ్యను 'వదినె' అనేది, నన్ను 'బిడ్డా' అనేది. నేను ఆమెను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. మొదట్లో ఆమె మాట మాకూ, మా మాట ఆమెకూ సగం సగమే అర్థమయ్యేవి. కొన్నాళ్లు గడిచేసరికి మా అత్తయ్య నోట 'జర ఆగవే అమ్మాయ్' అన్న మాట విని మా వారు పేపరు పక్కన పెట్టి మరీ నవ్వారు.

అత్తయ్య అప్పటికే డెబ్బై దాటిన మనిషి. మడి, ఏకాదశి, పారాయణం, వీటిలో ఏదీ తప్పేది కాదు. ఆవిడ అబద్ధమాడగా నేను ఒకే ఒక్కసారి చూశాను. అదెప్పుడో ముందు ముందు తెలుస్తుంది.

శనివారం సాయంత్రాలు మా ముందు గదిలో సత్సంగం జరిగేది. ఆఫీసుల్లో పనిచేసే మా వైపు వాళ్లు కొందరు, సందులో ఉండే పాత హైదరాబాదు కుటుంబాల వాళ్లు కొందరు వచ్చేవారు. మాకు పెద్ద దిక్కు ఒక రిటైరైన సంస్కృతం మాస్టారు. హిమాయత్‌నగర్ నుంచి రిక్షాలో వచ్చేవారు. ఒక శ్లోకం చదివి, పదం పదం విడదీసి, తాత్పర్యం చెప్పి, మా చేత తిరిగి చెప్పించేవారు. నాకు వచ్చిన నాలుగు ముక్కలూ అక్కడ నేర్చుకున్నవే.

ధనుర్మాసం వస్తే తెల్లవారుజామున తాళాలు పట్టుకుని నగర సంకీర్తనకు బయలుదేరేవాళ్లం. నాంపల్లి నుంచి అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దాకా పాడుకుంటూ వెళ్లి, మళ్లీ పాడుకుంటూ తిరిగి వచ్చేవాళ్లం. ఇంకా షట్టర్లు తెరవని దుకాణాల ముందు మా గొంతులు మాకే పెద్దగా వినిపించేవి. ఇరానీ హోటల్లో పొయ్యి రాజేస్తున్న మనిషి మమ్మల్ని చూసి చెయ్యి గుండెకు ఆనించుకునేవాడు. అత్తయ్య చెప్పుల్లేకుండా నడిచేది. భగవంతుడి పేరు చెప్పుకుంటూ చెప్పులేమిటి అనేది.

అరవైల మొదట్లో ఒక ధనుర్మాసంలో, అలా నడుస్తుండగా అబిడ్స్‌లో ఆవిడ అరికాల్లో సోడా సీసా పెంకు గుచ్చుకుంది. ఎవరికీ చెప్పలేదు. ఇంటికొచ్చి పెంకు లాగేసి, పసుపు అద్ది, గుడ్డ చుట్టుకుంది. మర్నాడు మళ్లీ నడిచింది, ఆ మర్నాడు కూడా.

తరువాత కడుపు ఉబ్బింది. అన్నం ముందు కూర్చుని వద్దని లేచిపోయింది. మాకు అదొక్కటే కనిపించింది. ధనుర్మాసంలో ఇంటింటా రోజూ ప్రసాదమే కదా, నెయ్యి కారే చక్కెర పొంగలి ఎక్కువై అజీర్ణం చేసిందనుకున్నాం. వాము కాచి ఇచ్చాం. పొట్ట మీద ఇంగువ పట్టు వేశాం. ఒళ్లు కాలిపోతుంటే, కడుపులో మంట పైకి వచ్చిందన్నారు ఎవరో. ఆ సాయంత్రం ఆవిడ నన్ను పట్టుకుని, ఎప్పుడో పోయిన తన చెల్లెలి పేరుతో పిలిచి, పాలు పొంగిపోతున్నాయి చూడమంది. పొయ్యి మీద పాలు లేవు. కాళ్లు చల్లగా ఉన్నాయేమోనని దుప్పటి తీసి చూశాను. ఒక పాదం వాచి, నల్లబడి, పిక్క దాకా ఎర్రటి చార పాకి ఉంది.

మా వారు పరుగున వెళ్లి రిక్షా తెచ్చారు. మా ఇంటికి దగ్గర్లో ఒక చిన్న దవాఖాన ఉండేది. అక్కడి డాక్టరు నగరంలోనే పుట్టి పెరిగినవాడు, తెలుగులో ఉర్దూ కలిపి మాట్లాడేవాడు. నాడి పట్టుకుని, బీపీ చూసి, ఇంకోసారి చూశాడు. తరువాత పాదం చూశాడు.

"సెప్టిక్ అయింది. విషం రక్తంలకు ఎక్కింది. బీపీ పడిపోయింది. ఇంత వయసుల ఇది ఖతర్నాక్ బీమారి. నేను చేసేది చేస్త. మీరు దేవుని మొక్కుకోండి."

పాదం కోసి చీము తీశాడు. పెన్సిలిన్ ఇచ్చాడు. చేతికి సెలైన్ పెట్టాడు. ఆ మగతలోనే అత్తయ్య కళ్లు తెరిచి పైన వేలాడే సీసాను చూసింది.

"అమ్మాయ్, ఆ నీళ్లెక్కడివి?"

"మందు నీళ్లు అత్తయ్యా. ఉప్పు నీళ్లట."

"ఎవరు పట్టారో ఏవిటో," అని మళ్లీ కళ్లు మూసుకుంది. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. మడి గుర్తున్న మనిషి ఇంకా మాతోనే ఉన్నట్టు.

తెల్లవారేసరికి జ్వరం కొంత దిగింది. బీపీ నిలబడింది. కానీ పొట్ట మాత్రం బిగదీసిన డోలు లాగానే ఉంది. డాక్టరు స్టెతస్కోపు పొట్ట మీద ఆనించి చాలాసేపు వింటూ ఉండిపోయాడు. గుండె వినేవాళ్లను చూశాను గాని, పొట్ట వినేవాళ్లను అదే చూడడం.

"ఏమి వినబడ్తలేదు," అన్నాడు. "పేగులు పండుకున్నయి."

నాకు అర్థం కాలేదని మొహం చూసి తెలుసుకున్నాడు.

"మీ గల్లీల నల్లా నీళ్లు సన్నగ వస్తే ఏం చేస్తరమ్మా? ముందుగాల తాగేందుకు పట్టుకుంటరు, వంటకు పట్టుకుంటరు. బట్టలుతుకుడు బంద్ పెడ్తరు. ఔనా కాదా? శరీరం గూడ గట్లనే చేస్తది. బీపీ పడితే ఉన్న రక్తం గుండెకు, మెదడుకు ఇస్తది. పేగులకు బంద్. రక్తం లేంది పేగు ఎట్ల కదులుతది? వయసులున్నోళ్లకైతే జల్దీ లేస్తది. పెద్దమనుషులకు నరాలు గట్టిపడి ఉంటయి, నల్లా మళ్ల వచ్చినా పైదాక నీళ్లు ఎక్కాలంటే టైం పడ్తది. గప్పటిదాక నోట్లకు ఏం పెట్టొద్దు. పెడితే గాడనే నిలబడి ఉబ్బుతది. కక్కితే ఊపిరితిత్తులకు పోతది. గప్పుడు నా చేతుల ఉండదు."

మేమంతా తలలూపాం. మాస్టారు కూడా ఊపారు. ఆవిడ బతకడం ఆ పేగులు లేవడం మీద ఉందని అందరికీ తెలిసింది. దవాఖానలో నర్సుగా పనిచేసే సిస్టరమ్మ మంచానికి ఒక అట్టముక్క కూడా కట్టింది, నోటికేమీ ఇవ్వరాదని.

ఇక సత్సంగం వాళ్లు రావడం మొదలైంది. ఒక్కరూ వట్టి చేతులతో రాలేదు. ఒకరు తులసి తీర్థం తెచ్చారు. ఒకరు నృసింహస్వామి అభిషేకం పాలు తెచ్చారు. ఇంకొకరు ఆ పొద్దుటి నివేదన దద్దోజనం, వాళ్ల వెనకే చక్కెర పొంగలి. అందరూ అట్టముక్క చదివారు, చదివి అయ్యో అనుకున్నారు. తరువాత మూడు వేళ్లతో రవ్వంత తీసి ఆవిడ నాలుక మీద పెట్టి, ఉద్ధరిణెతో తీర్థం పోసి, కళ్లకద్దుకుని వెళ్లారు. అత్తయ్యకు తెలివి ఉన్నప్పుడు ఆవిడే నోరు తెరిచింది. లేనప్పుడు మేమే పెదవులు విడదీసి పట్టుకున్నాం. అందులో ఎవరి మనసులోనూ దాపరికం లేదు. సిస్టరమ్మ ఎదురుగానే చేశాం, తీర్థమే కదా అని ఆమే ఆపలేదు.

సాయంత్రానికి ఎక్కిళ్లు పట్టుకున్నాయి. పొట్ట ఇంకా లేచింది. ఊపిరి పైపైన ఆడుతోంది. డాక్టరు పరుగున వచ్చాడు.

"ఏం పెట్టిన్రు ఈమెకు?"

"ఏమీ పెట్టలేదండీ," అన్నారు మా వారు.

"మంచినీళ్లు కూడా ఇవ్వలేదు," అన్నాను నేను.

"నేను పొద్దుటినుంచీ ఇక్కడే ఉన్నాను. ఒక్క మెతుకు పెట్టలేదు," అన్నారు మాస్టారు. ఆయన మాట మీద ఆ రోజుల్లో ఎవరైనా ప్రమాణం చేసేవారు.

డాక్టరు ముక్కులోంచి సన్నటి రబ్బరు గొట్టం కడుపులోకి దింపి, పిచికారీతో లాగాడు. గిన్నెలోకి తెల్లటి నీళ్లు వచ్చాయి. వాటి వెంట తులసి ఆకులు వచ్చాయి. మెతుకులు వచ్చాయి. చివరగా ఉబ్బిన కిస్‌మిస్ ఒకటి గొట్టం చివర ఇరుక్కుని, కాసేపు సతాయించి ఊడిపడింది.

"ఇదేంది?"

"తులసి దళం," అన్నారు మాస్టారు.

"ఏడికెల్లి వచ్చింది?"

"తీర్థంలోంచి."

"మరి ఏం పెట్టలేదన్నరు?"

"తీర్థం ఆహారం కాదు కదండీ."

"ఇది? ఇది అన్నం గాదా?"

"అన్నమే. కానీ... అది ప్రసాదం."

డాక్టరు గిన్నెను చూశాడు, మమ్మల్ని చూశాడు. కోపంతో మొహం ఎర్రబడింది. తిడతాడనుకున్నాం. స్టూలు లాక్కుని కూర్చుని నెమ్మదిగా అన్నాడు, "చూడండి పంతులుగారు. మీ దేవుని దగ్గర అది ప్రసాదమే. నేను కాదంటలేను. కానీ ఈమె పేగుకు ఆ ఫరక్ తెల్వది."

మేమెవరమూ అబద్ధం చెప్పలేదు. ఏకాదశి నాడు కూడా తీర్థం పుచ్చుకుంటే ఉపవాసం చెడదని పుట్టినప్పటినుంచీ నేర్చుకున్నవాళ్లం. భోజనం వేరు, ప్రసాదం వేరు. ఎంత తిన్నావని ఎవరడిగినా ప్రసాదాన్ని అందులో కలిపి చెప్పడం మాకు తట్టదు.

మర్నాడు పొద్దున దవాఖాన గేటు దగ్గర బెంచీ మీద మాస్టారు కూర్చుని ఉన్నారు. భుజాన కండువా, చేతికర్ర. సత్సంగం వాళ్లు వచ్చినకొద్దీ చెంబులూ గిన్నెలూ అక్కడే తీసుకుని, వట్టి చేతులతో లోపలికి పంపారు. "స్వామి ఆమె కడుపులో ఉన్నాడు. ఇవాళ ఆయనే ఉపవాసం ఉన్నాడు. మీరు వెళ్లి దండం పెట్టి రండి," అనేవారు. దద్దోజనం, పొంగలి అంతా గేటు బయట నిలబడ్డ రిక్షావాళ్లకు పంచారు. రెండు రోజులు గడిచేసరికి నాంపల్లి స్టేషను ముందు నిలబడే రిక్షాల్లో సగం ఈ గేటు ముందే నిలబడ్డాయి.

గొట్టం పెట్టాక పొట్ట తగ్గుతూ వచ్చింది. అత్తయ్యకు పూర్తిగా తెలివి వచ్చింది. పెదవులు ఎండి, కళ్లు లోపలికి పోయి, చెయ్యి పట్టుకుంటే ఎముకే తగిలేది. డాక్టరు ప్రతి పూటా వచ్చి పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి విని, అందరి ఎదుటా గట్టిగా అడిగేవాడు.

"గ్యాస్ పోయిందా అమ్మా?"

మంచం చుట్టూ మాస్టారు, మా వారు, సత్సంగం మగవాళ్లు నిలబడి ఉండేవారు. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపేది.

"కొంచెం గుడ గుడ వినబడ్తున్నది. పొట్ట గూడ మెత్తగైంది. కానీ గాలి కిందికి పోయిందంటేనే దారి తెరిచిందని లెక్క. అది పోకుండ నేను ఒక్క చుక్క గూడ ఇయ్య," అనేవాడు. అర్థం కాక గడ్డం గోక్కుంటూ వెళ్లిపోయేవాడు.

నాకు భయం పట్టుకుంది. పేగులు లేవకపోతే ఆవిడ ఇలాగే వడలిపోతుంది. సెలైను నీళ్లతో ఎన్నాళ్లు నిలబడుతుంది మనిషి? వరండాలోకి వెళ్లి స్తంభానికి ఆనుకుని ఏడుస్తుంటే, ఇంటిగలావిడ నా కోసం చాయ్ తెస్తూ చూసింది.

"ఏంది బిడ్డా, ఏమన్నడు డాక్టరు?"

చెప్పాను. ఆమె చాయ్ నా చేతికిచ్చి, మంచం దగ్గరకు నడిచింది. చుట్టూ నిలబడ్డ మగవాళ్లను చూసింది.

"మీరంత జర బయటికి పోన్రి. పోన్రి పోన్రి. మాస్టారుగారు, మీరు గూడ."

మాస్టారు స్తోత్రం మధ్యలో ఆపి, చెప్పులు వేసుకుని బయటికి నడిచారు. ఆమె తెర లాగి మంచం అంచున కూర్చుంది.

"వదినె, ఇప్పుడు చెప్పు. నిజం చెప్పు. పోయిందా లేదా?"

అత్తయ్య నా వైపు చూసింది. గోడ వైపు చూసింది. వినపడీ వినపడనట్టు అంది, "నిన్న మధ్యాహ్నం నుంచీ పోతూనే ఉంది."

"నిన్నటికెల్లి! మరి చెప్పరాదు?"

"ఎట్లా చెప్పనే? అంత పెద్దాయన నా తల దగ్గర నిలబడి భగవన్నామం చదువుతుంటే, ఆ డాక్టరేమో బజార్లో కూరగాయలు బేరమాడినట్టు అడుగుతాడు. ఆయన ఎదురుగా ఆ మాట నా నోట రావాలా?"

"ఓయమ్మో! సిగ్గుకు సస్తవా వదినె నువ్వు?"

"చావనులే గాని, మెల్లగా మాట్లాడు. బయట ఉన్నారు వాళ్లు."

నాకు నవ్వు ఆగలేదు, ఏడుపూ ఆగలేదు. ఇంటిగలావిడ తెర తీసి వరండా అంతా వినపడేలా అంది, "డాక్టర్ సాబ్‌ను పిలువున్రి! నిన్ననే పోయిందంట! మనిషి మర్యాదకు దాచుకుంది!"

అత్తయ్య దుప్పటి తల మీదికి లాక్కుంది.

బయట ఎవరో గోవిందా అన్నారు. అది విని ఇంకొకరు, ఆపైన అందరూ. ఆ వరండా గోవింద నామంతో మోగిపోయింది. సిస్టరమ్మ పరుగెత్తుకొచ్చి, "ఇది దవాఖాన, గుడి కాదు," అని కసిరింది. కసురుతూనే నవ్వింది.

డాక్టరు వచ్చి విషయం విని, అత్తయ్య దుప్పటి అంచు కాస్త పైకెత్తి, "అమ్మా, నన్ను ఒక రోజంత పరేషాన్ చేసిన్రు," అన్నాడు. "ఇగ నుంచి మీ వదినెతోని చెప్పి పంపున్రి." గొట్టం తీసేశాడు. వడగట్టిన బార్లీ నీళ్లు రెండు చెంచాలు ఇవ్వమన్నాడు.

నేను చెంచా నోటి దగ్గర పెట్టాను. ఆవిడ నోరు తెరవలేదు. నివేదన కాలేదు కదా! కళ్లు మూసుకుని, పెదవులు కదిపి, మనసులోనే స్వామికి చూపించి, అప్పుడు తెరిచింది. ఆ బార్లీ నీళ్లు లోపలికి దిగుతుంటే డాక్టరు స్టెతస్కోపు పొట్ట మీద పెట్టి వింటున్నాడు. మేమంతా ఆయన మొహం చూస్తున్నాం.

"నడుస్తున్నది," అన్నాడు.

తరువాత గంజి, ఆ తరువాత చారు కలిపిన మెత్తటి అన్నం. ప్రతిదీ కొంచెం కొంచెం, ఆగి ఆగి. డాక్టరు తొందరపడనివ్వలేదు. పెద్ద వయసు పేగు చిన్న పిల్ల లాంటిది, లేవగానే పరుగెత్తమనొద్దు అనేవాడు. పాదం మానింది గాని, ఒక వైపు ఒరిగి నడవడం అలాగే ఉండిపోయింది. సంక్రాంతి వెళ్లిన తరువాత ఇంటికి తెచ్చుకున్నాం.

ఆ శనివారం సత్సంగానికి మా ముందు గది చాల్లేదు. గుమ్మంలో, మెట్ల మీద కూడా కూర్చున్నారు. మాస్టారు ఆ రోజు భోజనానికి ముందు మనమంతా చెప్పుకునే శ్లోకం తీసుకున్నారు. ప్రతి ప్రాణి కడుపులోనూ తానే అగ్నిగా కూర్చుని, ప్రాణ వాయువుతోనూ అపాన వాయువుతోనూ కలిసి అన్నాన్ని పచనం చేస్తున్నానని గీతలో స్వామి చెప్పిన మాట. ఇన్నేళ్లుగా ఆ శ్లోకానికి తాత్పర్యం చెప్పినప్పుడల్లా ఆయన ప్రాణం గురించి చాలాసేపు చెప్పి, అపానం దగ్గరకు రాగానే గబగబా దాటేసేవారు.

"నేనే సిగ్గుపడ్డాను," అన్నారాయన. "ఆడవాళ్లున్నారు కదా అని దాటవేశాను. స్వామి సిగ్గుపడలేదు. రెండిటినీ ఒకే మాటలో కలిపి, రెండూ నావే అన్నాడు. పైకి పోయే గాలి పవిత్రం, కిందికి పోయే గాలి అపవిత్రం అని ఆయన అనలేదు. ఆ తల్లి ప్రాణం మొన్న దేని మీద నిలబడిందో మీరంతా చూశారు."

వెనక కూర్చున్న ఆడపిల్లలు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. అత్తయ్య, "ఛీ, ఏవిటండీ ఈ వయసులో నా మీద హరికథ," అంది. గుమ్మంలోంచి ఇంటిగలావిడ, "చెప్పనియ్యి వదినె, అందరు తెలుసుకోవాలె," అంది. మా వారు నేల చూపులు చూస్తున్నారు గాని భుజాలు ఊగుతున్నాయి. నా జీవితంలో చాలా సభలు చూశాను. అంత హాయిగా సాగిన సభ ఇంకొకటి గుర్తులేదు.

అప్పటినుంచి మా సత్సంగంలో ఒక కట్టుబాటు ఏర్పడింది. దవాఖానలో ఉన్నవారిని చూడబోతే చేతుల్లో ఏమీ ఉండకూడదు. ముందు సిస్టరమ్మను అడగాలి. ఏమిచ్చినా, ఉద్ధరిణెడు తీర్థమైనా, ఇచ్చానని ఆమెకు చెప్పాలి. రోగి ఆడమనిషైతే పక్కన ఒక ఆడమనిషి ఉండాలి. డాక్టరు ఏమడిగినా సిగ్గుపడకుండా జవాబు చెప్పాలి. కొత్తగా చేరినవాళ్లు ఇదేమి నియమమని అడిగితే అత్తయ్యే లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది, చెప్పే పని మాకు వదిలేసి. పంతొమ్మిది వందల డెబ్బైల మొదటి దాకా బతికింది. నగర సంకీర్తనకు చెప్పులు వేసుకుని వచ్చింది, రిక్షాలో కూర్చుని అయినా సరే. చివరికి నిద్రలోనే వెళ్లిపోయింది, ముందు రోజు రాత్రి పెరుగన్నం తిని.

ఇవాళ కూడా ఏదో ఒక దవాఖానలో ఒక పెద్దమనిషి ఒళ్లంతా విషం పాకి, పేగులు కదలక పడుకుని ఉంటారు. పక్కన ఒక కోడలో కూతురో చెంచా పట్టుకుని, ఇవ్వలేక కూర్చుని ఉంటుంది. ఇది చదువుతున్న మీరు ఎవరైనా, ఏ పేరుతో దేవుణ్ణి పిలిచేవారైనా, పుస్తకం పక్కన పెట్టి నాతో పాటు ఒక్క నిమిషం చేతులు జోడించండి. స్వామీ, ఆ కడుపులోకి మళ్లీ రక్తాన్ని నడిపించు. ఆ పక్కన కూర్చున్నవాళ్లకు ఓపిక ఇవ్వు. డాక్టరు అడిగినప్పుడు నిజం చెప్పే ధైర్యం ఇవ్వు. వాళ్లకు ఆకలి వేసేలా చెయ్యి స్వామీ, ఆకలి వేసేలా చెయ్యి.